మేకల దారికి పసుపు రంగు

దేవేందర్‌కు ఆటల పిచ్చి ముప్పై ఆరో ఏట పట్టుకుంది. అంతకుముందు వీడియో గేమ్ అంటే, పనీపాటా లేనివాళ్లు ఫోన్ మీద వేళ్లు అరగదీసుకునే వ్యవహారమనే అనుకునేవాడు. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చి అప్పటికి పదకొండేళ్లుగా దుబాయ్‌లో వడ్రంగం చేస్తున్నాడు. ఇళ్ల తలుపులు కాదు, ఎగ్జిబిషన్ హాళ్లలో స్టాళ్లు. మూడు రోజుల మేళా కోసం వారం పాటు కట్టి, అది ముగియగానే ఒక్క పూటలో ఊడబీకి పారేసే చెక్క మేడలు. నగల మేళాకు రాజమహలు, పళ్ల డాక్టర్ల మేళాకు తెల్లటి అద్దాల గది, పడవల మేళాకు ఓడ ముక్కు, ఏది కావాలంటే అది అతని చేతిలో తయారయ్యేది.

2020 మార్చిలో మేళాలన్నీ ఆగిపోయాయి. కంపెనీ వాళ్లు "గదిలోనే ఉండండి, పిలుస్తాం" అన్నారు. ఇంటర్నేషనల్ సిటీలో పర్షియా క్లస్టర్‌లో నాలుగు మంచాల గది అది. ఇద్దరు సెలవు మీద ఊరెళ్లి అక్కడే చిక్కుకుపోయారు. మిగిలింది దేవేందర్, శ్యాంప్రసాద్. శ్యాంప్రసాద్‌ది అమలాపురం వైపు. తాగునీళ్ల క్యాన్ల వ్యాను నడిపేవాడు కాబట్టి అతనికి పని ఆగలేదు. పొద్దున పోతే మధ్యాహ్నం దాటాకే వచ్చేవాడు. అంతసేపూ దేవేందర్ గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. పెళ్లాం ప్రేమ ఫోన్ చేసి "ఏం జేస్తున్నవ్" అంటే చెప్పడానికి ఏమీ ఉండేది కాదు.

ఎదురు గదిలో ఉండే ఫిలిప్పీన్స్ మనిషి ప్రత్యేక విమానంలో ఇంటికి పోతూ, ఒక పాత గేమ్ మెషీన్‌ను, టీవీని ఇతని గుమ్మంలో పెట్టి, "పనికొస్తే ఉంచుకో, లేకపోతే పారెయ్" అన్నాడు. మెషీన్ మింగిన డిస్కును బయటికి వదలడం లేదు. ఎటూ పని లేదు గదా అని దేవేందర్ స్క్రూలు విప్పి చూశాడు. లోపల పళ్లచక్రం ఒకటి పక్కకు జరిగింది. దాన్ని సర్ది, దుమ్ము ఊది, మళ్లీ బిగించాడు. డిస్కు తిరిగింది. టీవీ మీద కొండలు, పొగమంచు, ఒక గుర్రం కనిపించాయి.

ఆ ఆట ఇంగ్లీషు పేరు నోరు తిరగక గదిలోని ఇద్దరూ "కోట ఆట" అనేవారు. అందులో ఒక ఒంటరి మనిషి గుర్రం మీద ఊళ్లూ లోయలూ దాటుకుంటూ కొండ మీది కోటకు చేరాలి. చేరేసరికి దర్వాజా మూసి ఉంటుంది. ఏడు ఇనుప పట్టీలు కొట్టిన దర్వాజా. దేవేందర్ దాన్ని కత్తితో కొట్టాడు, గుర్రంతో గుద్దించాడు, చుట్టూ తిరిగాడు. రెండు రోజులు అక్కడే ఆగిపోయాడు.

మూడో రోజు వడ్రంగి కళ్లతో చూశాడు. మడతబందులు బయటికి కనబడటం లేదు. అంటే తలుపు లోపలికి తెరుచుకుంటుంది, గడియ లోపల ఉంది. బయటి నుంచి ఎంత కొట్టినా లాభం లేదు. మరి లోపలికి దారేది? నాలుగో రోజు, ఆట ఆపకుండా టీ పెట్టుకోవడానికి లేచి వెనక్కి చూస్తే, టీవీలో మూడు మేకలు కోట వెనక రాళ్ల మీదుగా పైకి ఎక్కుతున్నాయి. రోజూ ఎక్కుతూనే ఉన్నాయి. అతనే చూడలేదు. టీ సంగతి మరిచి, వాటి వెనకే పోయాడు. మేకలు గోడ మీద పగిలిన చోటు నుంచి లోపలికి దూకాయి.

మధ్యాహ్నం దాటాక శ్యాంప్రసాద్ వచ్చేసరికి దేవేందర్ గది మధ్యలో నిలబడి ఉన్నాడు.

"ఏమైందండీ దేవేందర్ గారూ, అలా ఉన్నారు?"

"దొరికింది తమ్మీ, దారి దొరికింది! మేకలు జూపిచ్చినై. ఎవ్వడు నోరు తెరిచి చెప్పలే. బాణం గుర్తు లేదు, బోర్డు లేదు. ఈ ఆట జేసినోడెవడో గాని, నాకు తెలివి ఉన్నదని నమ్మిండు."

పదకొండేళ్లలో అతని తెలివిని నమ్మినవాళ్లను లెక్కపెట్టడానికి ఒక చెయ్యి చాలు. సైట్ మీద అందరూ చెప్పింది చెయ్యమనేవాళ్లే. ముక్కూ మొహం తెలియని ఎవరో నాలుగు రోజులు తన కోసం ఓపిక పట్టారన్న మాట అతన్ని పట్టుకుని వదలలేదు.

మేళాలు మళ్లీ మొదలయ్యాక కూడా పిచ్చి తగ్గలేదు. కరామాలో పాత డిస్కులు మార్చుకునే కొట్టు ఒకటుంది. సెలవు రోజున బస్సెక్కి అక్కడికి పోయేవాడు. ఆడిన డిస్కు ఇచ్చి ఇంకోటి తెచ్చుకునేవాడు. ఆటల్లోని మాటలు చదివీ చదివీ ఇంగ్లీషు వచ్చింది. ఏ ఆటలో తలుపు తలుపులా ఉంటుందో, ఏ ఆటలో గోడకు అతికించిన బొమ్మలా ఉంటుందో చెప్పగలిగేవాడు. ఎమిరేట్లలో ఉండే తెలుగువాళ్ల గేమ్స్ గ్రూపు ఒకటి ఫోన్‌లో ఉంటే శ్యాంప్రసాద్ అతన్ని అందులో చేర్పించాడు. రాయడం విసుగు కాబట్టి దేవేందర్ వాయిస్ మెసేజీలు పెట్టేవాడు. అల్ ఐన్‌లో ఖర్జూరపు తోటల్లో పనిచేసేవాళ్లు, కల్బాలో బట్టల కొట్లో ఉండే సూరిబాబు, అందరూ వాటి కోసం ఎదురుచూసేవారు. మొదట్లో అవి ఆటల మీద మెచ్చుకోళ్లే. తిట్లు తర్వాత వచ్చాయి.

2023లో దేవేందర్, శ్యాంప్రసాద్ కలిసి కొత్త మెషీన్ కొన్నారు. పెట్టె తెరిచి, కొత్త ఆట డిస్కు పెట్టి, చేతులు కడుక్కొచ్చి కూర్చున్నారు. ఆట రాలేదు. డౌన్‌లోడ్ అవుతోందని గీత ఒకటి వచ్చింది. బిల్డింగ్ వైఫైకి ఆ గీత నిండటానికి రెండు రోజులు పట్టింది.

"డిస్కు మన చేతిల ఉన్నది గద, మళ్ల ఏందీ డౌన్‌లోడు?" అన్నాడు దేవేందర్.

"డిస్కులో అంతా ఉండదంటండీ ఇప్పుడు. అది తాళంచెవి లాంటిదట."

"అంటే ఇల్లు అమ్మినమని చెప్పి తాళంచెవి ఇచ్చిండ్రు. ఇల్లు వాళ్ల దగ్గరనే ఉన్నది."

రెండు రోజుల తర్వాత ఆట మొదలైంది. మొదలైన పది నిమిషాలకు ఒక దుకాణం తెరుచుకుంది. టోపీ కావాలా, గుర్రానికి రెక్కలు కావాలా, ఈ నెల పాస్ కావాలా అని అడిగింది. వద్దని మూస్తే మళ్లీ తెరుచుకుంది. రోజూ వచ్చి హాజరు వేసుకుంటే బహుమతి ఇస్తానంది. ఒక రోజు తప్పితే వరస తెగిపోయిందని బెదిరించింది.

"హాజరు కంపెనీల వేస్తున్న, ఇంటికొచ్చి ఆటల గూడ వెయ్యాల్నా?" అని కంట్రోలర్ మంచం మీద పారేశాడు.

ఆ రోజు నుంచి అతని వాయిస్ మెసేజీల గొంతు మారింది. మెషీన్లు చేసే మూడు పెద్ద కంపెనీలనూ వాటి రంగులతో పిలిచేవాడు. సూరిబాబు అలాంటి మెసేజీ ఒకటి దాచుకున్నాడు. అందులో దేవేందర్ ఇలా అంటాడు:

"నీలం కంపెనీ ఆట దియ్యమంటే సినిమా తీస్తది. మనిషి చెంప మీద చెమట చుక్క గూడ కనబడాలె. మంచిదే. గాని ఆ చెమట నేను పట్టిచ్చింది గాదు. నేను కూసోని చూడాలె, ఎప్పుడన్న ఒక బటను నొక్కాలె. ఇగ మెషీన్‌ల డిస్కు పెట్టే డబ్బ విడిగ అమ్ముతది. పచ్చ కంపెనీకి మెషీను అమ్ముడుగాకున్నా ఫికర్ లే. నెల నెల కిరాయి కడితె చాలు, వంద ఆటలిస్తమంటది. మొదలు అలవాటు జేసింది, తర్వాత కిరాయి పెంచింది. వంద ఆటలల్ల ఒక్కటి గూడ నాది గాదు. ఎర్ర కంపెనీ ఒక్కటే ఆటను ఆటలెక్క చేస్తదని నేనే మెచ్చుకున్న. అది ఏడేండ్ల కిందటి ఆటను గూడ కొత్త రేటుకే అమ్ముతది. ముగ్గురిట్ల ఎవ్వనికీ నేను ఆడాలని లే. నేను లేవకుంట కూసోవాలె, గంతే."

శ్యాంప్రసాద్ నవ్వేవాడు. "మీకెందుకండీ అంత కోపం? నచ్చితే ఆడుకోవడం, లేకపోతే మానెయ్యడం. వాళ్లేమన్నా మన చుట్టాలా?"

"చుట్టాలు గాదు శ్యామూ. నేను స్టాలు కట్టేటోన్ని. ముందట రంగు, ఎనక ఖాళీ, అది నాకు తెలుసు. మూడు రోజులకని ముందే చెప్పి కడత. వీళ్లు అదే కట్టి, ఇల్లని చెప్పి అమ్ముతుండ్రు."

ఇద్దరూ రెండేళ్లు కలిసి ఆడిన కార్ల ఆట ఒకటుండేది. 2025 మొదట్లో దాని సర్వర్ మూసేస్తున్నామని ఆ కంపెనీ ప్రకటించింది. చెప్పిన తేదీ తర్వాత డిస్కు పెడితే "సర్వర్ దొరకలేదు" అన్న ఒక్క వాక్యమే వచ్చింది. ఒంటరిగా ఆడే భాగానికి కూడా సర్వర్ కావాలట. డిస్కు బాగానే ఉంది, గీతలు లేవు. దేవేందర్ దాన్ని కరామా కొట్టుకు తీసుకుపోతే, కొట్టువాడు చేతిలోకి కూడా తీసుకోలేదు. "యే ఖలాస్ హై భాయ్" అన్నాడు.

ఆ ఏడాదే ఆటల మేళా పని వచ్చింది. సూపర్‌వైజర్ గంగాప్రసాద్‌ది నిజామాబాద్. డ్రాయింగ్ బల్ల మీద పరిచి, "కోట దర్వాజ గావాలె, పదహారు అడుగుల ఎత్తు, చూసెటోనికి నిజంగ ఇనుము అనిపియ్యాలె" అన్నాడు. దేవేందర్ వంగి చూసి, పట్టీలు లెక్కపెట్టాడు. అది కోట ఆట దర్వాజా. పాత ఆటను మళ్లీ కొత్తగా తయారుచేస్తున్నారు, దాని స్టాలే ఇది. అసలు కంపెనీ ఎప్పుడో మూతపడింది. పేరును ఇంకెవరో కొనుక్కున్నారు.

"అన్నా, గిది తప్పు" అన్నాడు దేవేందర్.

"ఏది తప్పు?"

"పట్టీలు ఏడుండాలె, ఐదే ఉన్నై. కబ్జాలు, గీ మడతబందులు, బయటికి పెట్టిండ్రు. గిది లోపటికి తెరుచుకునే తలుపు."

"నీకెందుకు బై? డ్రాయింగ్‌ల ఎట్లున్నదో గట్ల కొట్టు."

డ్రాయింగ్ గీసిన నాదీన్ మేడమ్ అక్కడే ఉంది. లెబనాన్ మనిషి. మెడలో కొలతల టేపు వేసుకుని హాలంతా తిరుగుతుంది. ఏమిటని అడిగింది. గంగాప్రసాద్ ఏమీ లేదన్నాడు. దేవేందర్ వచ్చిన ఇంగ్లీషులోనే, పెన్సిల్‌తో ప్లైవుడ్ ముక్క మీద గీసి చూపించాడు. ఆమె ఫోన్‌లో పాత ఆట బొమ్మ వెతికి, పట్టీలు లెక్కపెట్టింది. ఏడు. తర్వాత డ్రాయింగ్ మీద ఎర్ర పెన్నుతో దిద్ది, "యల్లా, ఇతను చెప్పినట్టే చెయ్యండి" అంది.

ఆ దర్వాజాను దేవేందర్ మనసు పెట్టి చేశాడు. పట్టీల అంచులకు తుప్పు రంగు తనే వేశాడు. పక్క స్టాళ్ల పనివాళ్లు వచ్చి ముట్టి చూసి, ఇది చెక్కా అని ఆశ్చర్యపోయారు. ఆట కంపెనీ మార్కెటింగ్ మనిషికి ఈ సంగతి తెలిసింది. మా ఆటకు ఇంతటి అభిమాని స్టాలు కట్టేవాళ్లలోనే ఉన్నాడా అని సంబరపడి, మేళా మొదలయ్యే ముందురోజు పదకొండు గంటలకు అతన్ని పిలిపించాడు. పని బట్టల్లోనే, రంపపు పొట్టు జుట్టులో ఉండగానే, పెద్ద తెర ముందు కూర్చోబెట్టి కంట్రోలర్ చేతికిచ్చాడు. ఒక ముంబై కుర్రవాడు కెమెరా పట్టుకుని పక్కన నిలబడ్డాడు.

దేవేందర్ ఆట మొదలుపెట్టాడు. కొండలు కనిపించాయి. పొగమంచు మునుపటికన్నా అందంగా ఉంది. గుర్రం మెడ మీద వెంట్రుకలు విడివిడిగా కదులుతున్నాయి. అతను గుర్రాన్ని కదిలించాడు. నేల మీద వెలిగే బాణం ఒకటి వచ్చి, ఇటు పో అంది. అటు కాకుండా లోయలోకి దిగుదామని చూశాడు. కనిపించని గోడ తగిలింది. "కోట ఇటువైపు" అని ఆటలోని మనిషి తనకు తానే గట్టిగా చెప్పుకున్నాడు. పది సెకన్లకు మళ్లీ చెప్పుకున్నాడు.

కోట వచ్చింది, దర్వాజా మూసి ఉంది. దేవేందర్ వెనక్కి తిరిగాడు. మేకలు ఉన్నాయి. వాటి చుట్టూ మెరుస్తున్న వలయాలు. అవి ఎక్కే రాళ్లన్నిటికీ పసుపు రంగు పూసి ఉంది. "ఆ మేకల వెనకాల పోతే?" అని ఆటలోని మనిషి అడిగాడు. దేవేందర్ కదలకుండా ఉంటే, "ఆ మేకల వెనకాల పోతే?" అని మళ్లీ అడిగాడు. సరేనని పోయాడు. గోడ పగులు దగ్గరికి చేరగానే తెర ఆగి, మధ్యలో ఒక పెట్టె వచ్చింది. దారి తెరుచుకోవడానికి ఇరవై గంటలు ఆగండి, లేదా తాళంచెవి కొనండి.

పాత ఆట చేసినవాడు నాలుగు రోజులు తనను నమ్మి ఎదురుచూసిన ఆ చోటనే ఎవరో కౌంటర్ బల్ల వేసుకుని కూర్చున్నారు.

"భాయీ సాబ్, కైసా లగా? బస్ దో లైన్ బోలియే" అని, ఎలా ఉందో రెండు ముక్కలు చెప్పమన్నాడు కెమెరా కుర్రవాడు.

దేవేందర్ కంట్రోలర్ కింద పెట్టాడు. "యే ఖేల్ నహీ హై, దుకాన్ హై" అన్నాడు.

కుర్రవాడు నవ్వి, ఇంకొంచెం మంచిగా చెప్పమన్నాడు. దేవేందర్ అదే హిందీలో, తొందర పడకుండా, ఒక్కొక్కటే చెప్పాడు. పాత ఆటలో మేకలు మేకలే. ఇక్కడ బోర్డులు అయ్యాయి. రాళ్లకు పసుపు పూసినవాడు ఆడేవాడికి కళ్లు లేవనుకున్నాడు. దారి కనిపెట్టడమే ఆట, మీరు దాన్ని తీసి అమ్మకానికి పెట్టారు. ఇక నా చేతికి మిగిలింది బటన్లు నొక్కడం.

మార్కెటింగ్ మనిషికి హిందీ రాదు, కుర్రవాడి మొహం చూసి విషయం గ్రహించాడు. అయినా నవ్వు చెరగనివ్వకుండా ఒక ఇనుప పెట్టె తెచ్చి, కానుక అంటూ చేతిలో పెట్టాడు. మూత మీద దర్వాజా చెక్కి ఉంది. లోపల గుడ్డ మీద అచ్చు వేసిన పటం, చిన్న మేక బొమ్మ, ఒక కాగితం మీద నంబరు ఉన్నాయి. దేవేందర్ గుడ్డ ఎత్తి కింద వెతికాడు.

"డిస్కు?" అన్నాడు.

ఆ మనిషి కాగితం మీది నంబరు చూపించాడు, అది కొట్టి డౌన్‌లోడ్ చేసుకోవాలట. దేవేందర్ మూత పెట్టి, పెట్టెను బల్ల మీద ఉంచి, లేచి వచ్చేశాడు.

గంగాప్రసాద్ అతన్ని సరుకు గేటు దగ్గరికి లాక్కుపోయాడు. "నీకు దిమాక్ ఉన్నదా? కస్టమర్ మొఖం మీద గట్లంటవా? పైనున్న ముదీర్ సారుకు తెలిస్తె నా నౌకరి పోతది!"

"అడిగిండ్రు, చెప్పిన."

"మంచిగున్నదని చెప్తె నీ సొమ్మేం పోతుండె?"

గంగాప్రసాద్ అతన్ని అప్పటికప్పుడే వేరే హాల్లో పని మీదికి పంపించాడు. దారిలో నాదీన్ ఎదురైంది. జరిగింది ఆమెకు తెలిసిపోయింది. "మడతబందులు మాత్రం సరిగ్గా వచ్చాయి కదా" అంది. అతను తల ఊపాడు. ఆ రోజంతటిలో అతనికి చేదు అనిపించని మాట అదొక్కటే.

మేళా మూడు రోజులూ ఆ దర్వాజా ముందు జనం బారులు తీరి ఫోటోలు దిగారు. నాలుగో రోజు కూల్చే పనికి మనుషులు చాలక మళ్లీ దేవేందర్‌నే పిలిచారు. పట్టీల సందుల్లో ఎవరో చూయింగ్ గమ్ అంటించి పోయారు. ఇనుప సబ్బలి పెట్టి, మేకులు ఊడదీసి, ముక్కలను చెత్త బండిలోకి విసిరాడు. కట్టినవి కూల్చడం అతనికి కొత్త కాదు. ఎప్పుడైనా ఒక మంచి ముక్కను గదికి తెచ్చుకునేవాడు. ఈసారి మేకు కూడా తెచ్చుకోలేదు.

రెండు నెలలకు ఆట మార్కెట్లోకి వచ్చింది. దేవేందర్ గ్రూపులో తను చూసింది చూసినట్టు చెప్పాడు. అందరూ థూ అన్నారు, కొనేది లేదన్నారు. వారం తిరక్కముందే సూరిబాబు తన గుర్రానికి రెక్కలు తొడిగి ఫోటో పెట్టాడు. అల్ ఐన్ తోటవాళ్లు నలుగురు కలిసి జట్టు కట్టారు. గదిలో శ్యాంప్రసాద్ కూడా కొన్నాడు.

"చెప్పిన గదరా" అన్నాడు దేవేందర్.

"ఆయ్, చెప్పారండి. అందరూ ఆడుతున్నారు, ఒక్కణ్ణే మానేస్తే ఏం తోస్తుందండీ? మీరు కూడా రండి. మీరు లేక జట్టు నిండటం లేదు."

దేవేందర్ గోడవైపు తిరిగి పడుకున్నాడు. కంపెనీల మీద ఉన్న అసహ్యం కన్నా ఇది ఎక్కువ బాధ పెట్టింది. కంపెనీ ఎక్కడో ఉంటుంది. శ్యాంప్రసాద్ రెండు అడుగుల దూరంలో కూర్చుని, పసుపు రాళ్లు ఎక్కి, ఇరవై గంటలు ఆగలేక తాళంచెవి కొంటూ, "ఈ ఒక్కసారికేనండీ" అంటున్నాడు.

మర్నాడు పొద్దున కొత్త మెషీన్‌లో తన వాటా శ్యాంప్రసాద్‌కే వదిలేశాడు. గ్రూపు నుంచి బయటికి వచ్చేద్దామని కూడా అనుకున్నాడు. అంతలో ఒక వాయిస్ మెసేజీ వచ్చింది. అజ్మాన్‌లో ఇళ్లల్లో పనిచేసే బాలత్రిపురసుందరి అనే రాజోలు మనిషి. రెండేళ్లుగా అతని మాటలు వింటోందట, ఎప్పుడూ నోరు తెరవలేదట. "అన్నయ్యగారూ, మాకు వారానికి ఒక్కపూట సెలవండి. నెట్ లేకుండా, దుకాణం లేకుండా, మొత్తం డిస్కులోనే ఉండే ఆటలు ఏమున్నాయో చెప్తారా? మేం ముగ్గురం ఆడవాళ్లం కలిసి పాత మెషీన్ తీసుకున్నామండి."

దేవేందర్ కరామా కొట్టుకు పోయి సగం రోజు నిలబడి, ఒక్కొక్క డిస్కూ అక్కడి మెషీన్‌లో నెట్ తీసేసి పెట్టి చూశాడు. పంతొమ్మిది నిలిచాయి. వాటి పేర్లు చదివి పంపించాడు. అప్పటి నుంచి అతని మెసేజీలు పొట్టివయ్యాయి. డిస్కులో ఆట ఉందా, నెట్ లేకుండా నడుస్తుందా, లోపల దుకాణం ఉందా, ఇంతే చెప్తాడు. వినేవాళ్లు పెరిగారు. కొనేవాళ్లు ఎప్పటిలాగే కొంటూనే ఉన్నారు.

మొన్న ఒక తెలియని నంబరు నుంచి ఇంగ్లీషులో మెసేజీ వచ్చింది. కొత్త ఆట ఒకటి వస్తోందని, గల్ఫ్ కార్మికుల్లో అతని మాటకు విలువుందని విన్నామని, నాలుగు మంచి మాటలు చెప్తే తగిన విధంగా చూసుకుంటామని రాశారు. దేవేందర్ అప్పుడు ఒక స్టాలుకు పాలిష్ పడుతున్నాడు. చెయ్యి తుడుచుకుని, మెసేజీ రెండుసార్లు చదివాడు. అవతలివాళ్లకు తెలుగు రాదని అతనికి తెలుసు. అయినా వాయిస్ బటన్ నొక్కి పట్టుకుని, ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని, గట్టిగా "ఛీ" అని, పంపించి, మళ్లీ బ్రష్ అందుకున్నాడు.